పసిపిల్లల ఎక్స్‌రేలో తెరచాప

విశాఖ కేజీహెచ్‌కి శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూడా పిల్లల్ని తీసుకొస్తారు. నెమ్ము చేరిందేమోనని ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే, కొందరు పసివాళ్లకి గుండె పైభాగాన ఓ పక్కగా ముక్కోణపు తెల్లటి నీడ కనిపిస్తుంది. గాలికి నిండిన తెరచాపలా ఉంటుంది. రేడియాలజిస్టులు దాన్ని తెరచాప గుర్తు అనే పిలుస్తారు. అది థైమస్ గ్రంథి. జబ్బు కాదు, కంగారు పడక్కర్లేదు.

రోగాలతో పోరాడే టి కణాలు తయారయ్యేది ఇక్కడే. రోగనిరోధక శక్తికి ఈ గ్రంథి అవసరమన్న సంగతి 1961లో శాస్త్రవేత్త జాక్ మిల్లర్ చిట్టెలుకల మీద చేసిన ప్రయోగాలతో గానీ తేలలేదు. అయితే ఈ గ్రంథి తన ఇష్టప్రకారం పెరగదు, తరగదు. హార్మోన్లు చెప్పినట్టు వింటుంది.

1936లో హాన్స్ సెల్యే ఎలుకలను చలికీ, గాయాలకీ, అతిశ్రమకీ గురిచేసి చూశాడు. వాటి మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ కుంచించుకుపోయింది. ఒంటికి కష్టమొస్తే అడ్రినల్ నుంచి స్టెరాయిడ్ హార్మోన్లు ఎక్కువగా వస్తాయి. మనలో అది ముఖ్యంగా కార్టిసాల్. ఆ తాకిడికి థైమస్‌లోని లేత కణాలు కుప్పలుగా చనిపోతాయి. పెద్ద జబ్బు చేసినా, తిండి చాలకపోయినా పిల్లల్లో ఆ తెరచాప చిక్కిపోయేది అందుకే. కోలుకున్నాక మళ్లీ పెరుగుతుంది, ఒక్కోసారి ముందుకంటే పెద్దగా.

ఇది తెలియకపోవడం వల్ల ఘోరం జరిగింది. పాశ్చాత్య దేశాల్లో అప్పట్లో కోతకు దొరికే శవాలు ఎక్కువగా దీర్ఘరోగాలతో పోయిన పేదలవి. వాటిలోని చిక్కిన థైమస్‌నే అసలు సైజు అనుకున్నారు. హఠాత్తుగా చనిపోయిన శిశువుల్లో అది పెద్దగా కనిపించేసరికి, ప్రాణం తీసింది ఇదేనన్నారు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల ఛాతీకి రేడియేషన్ ఇచ్చారు. వాళ్లలో కొందరికి పెద్దయ్యాక థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

చిన్నతనం నుంచే థైమస్‌లో కొవ్వు చేరుతూ వస్తుంది. ఈడొచ్చాక సెక్స్ హార్మోన్లు ఆ వేగం పెంచుతాయి. గ్రోత్ హార్మోన్, థైరాయిడ్ హార్మోన్లు మాత్రం థైమస్ పెరుగుదలకు ఊతమిస్తాయి.

హార్మోన్ గ్రంథులకు థైమస్ చేసే మేలూ ఉంది. ఏఐఆర్‌ఈ అనే జన్యువు పుణ్యాన థైమస్ కణాలు కాస్త ఇన్సులిన్ సైతం తయారుచేసి, ఎదుగుతున్న టి కణాలకు చూపిస్తాయి. దానిమీద గట్టిగా విరుచుకుపడే కణాలు చాలావరకు అక్కడే అంతమవుతాయి. పుట్టుకతోనే ఆ జన్యువు చెడిపోయిన పిల్లల్లో ఈ వడపోత సరిగా జరగదు. అప్పుడు మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథుల మీదా, థైమస్‌ని కుంచింపజేసే ఆ అడ్రినల్ మీదా సొంత టి కణాలే దాడి చేస్తాయి.