వెజ్లే కొండమీది చర్చి: అపోహలు – వాస్తవాలు

ఫ్రాన్స్‌లో బుర్గుండి ప్రాంతానికి చెందిన యోన్ జిల్లాలో, ఒక కొండ వాలంతా పరుచుకుని వెజ్లే అనే చిన్న ఊరు ఉంది. జనాభా ఐదువందలు కూడా దాటదు. కొండ శిఖరాన మాత్రం దాదాపు 120 మీటర్ల పొడవున యేసు శిష్యురాలైన మగ్దలేనే మరియ పేరిట వెలసిన మఠం చర్చి నిలిచి ఉంది. 1979లోనే యునెస్కో ఆ చర్చినీ కొండనూ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాతి కట్టడాల పరిరక్షణ నా వృత్తి. మధ్యయుగపు ఐరోపా చర్చిల గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా నేను ముందుగా ఈ ఊరినే ఉదాహరణగా తీసుకుంటాను. ఆ చర్చిల గురించి వ్యాప్తిలో ఉన్న పొరపాటు అభిప్రాయాల్లో చాలావాటికి జవాబు ఈ ఒక్క కట్టడంలోనే దొరకడం అందుకు కారణం.

అపోహ: ఈనాడు మనం చూసే చర్చి పన్నెండో శతాబ్దంలో కట్టినది కట్టినట్లే ఉంది.

ఇది ఒక్క కాలపు కట్టడం కాదు. 1120 జూలైలో, మగ్దలేనే మరియ పండుగకు ముందటి రాత్రి, యాత్రికులతో కిక్కిరిసి ఉన్న పాత చర్చిలో మంటలు చెలరేగి అనేకులు చనిపోయారు. ఆ తరువాత సుమారు ఇరవై ఏళ్లలో, గుండ్రటి కమానులు, మందపు గోడలు ఉండే రోమనెస్క్ శైలిలో పది అంకణాల పొడవైన మధ్యశాలను కట్టారు. దాని ముందున్న విశాలమైన ముఖమండపం ఆ వెంటనే వచ్చింది. తూర్పు కొసన బలిపీఠం ఉన్న భాగాన్ని శతాబ్దం చివరి దశలో, అప్పటికే వ్యాపిస్తున్న, మొనదేలిన కమానుల గోతిక్ శైలిలో తిరిగి కట్టారు. ఇంతవరకు చాలామంది మార్గదర్శకులు చెబుతారు. వారు తరచుగా విడిచిపెట్టేది పంతొమ్మిదో శతాబ్దాన్ని.

1834లో చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి ప్రొస్పే మెరిమే ఇక్కడికి వచ్చినప్పుడు, లోపల కూర్చుని బొమ్మ గీసుకుంటుండగా చుట్టూ చిన్న చిన్న రాళ్లు ఊడి పడుతున్న చప్పుడు వినిపించిందని రాశాడు. 1840లో ఈ కట్టడాన్ని నిలబెట్టే పనిని ఇరవై ఆరేళ్ల యూజెన్ వియొలే-ల-ద్యూక్‌కు అప్పగించారు; ఆ పని 1859 వరకు సాగింది. ఆయన బయటికి ఒరిగిపోతున్న గోడలకు ఆనించి ఉన్న పాత కమాను ఊతలను తీసి కొత్తవి కట్టాడు, కప్పులను సరిచేశాడు, బాగా దెబ్బతిన్న స్తంభశీర్షాల స్థానంలో ప్రతిరూపాలు చెక్కించి పెట్టించాడు. పడమటి ముఖద్వారం పైన ఇప్పుడు కనిపించే తుది తీర్పు శిల్పం కూడా 1856 నాటిదే. బయట నిలబడి దాన్ని ఫొటో తీసుకుని, ఇది మధ్యయుగపు శిల్పమని ఇతరులకు చెప్పేవారు ఎందరో ఉన్నారు. అసలైన మధ్యయుగపు మహాశిల్పం ముఖమండపం దాటాక, లోపలి ద్వారం పైన ఉంది.

వియొలే-ల-ద్యూక్ పనిపై నాకు రెండు అభిప్రాయాలు ఉన్నాయి. బరువును నిలబెట్టడానికి ఆయన చేసిన పనులు లేకపోతే ఈ చర్చి మనకు మిగిలేది కాదు. అయితే మధ్యశాల తూర్పు కొసన మధ్యయుగంలోనే గోతిక్ పద్ధతిలో తిరిగి కట్టిన నాలుగు అంకణాల కప్పుల్లో మూడింటిని ఆయన మిగతావాటితో సరిపోయేలా రోమనెస్క్ రూపంలోకి మార్చాడు. చూసే కంటికి పొందిక ఏర్పడింది, కానీ కట్టడం తన చరిత్రను తానే చెప్పుకునే ఒక సాక్ష్యం చెరిగిపోయింది. ఈనాటి పరిరక్షణ నియమాల ప్రకారం అటువంటి మార్పును ఎవరూ అంగీకరించరు.

అపోహ: ఇంత పెద్ద చర్చి కాబట్టి ఇది క్యాథెడ్రల్.

క్యాథెడ్రల్ అనే హోదా పరిమాణాన్ని బట్టి రాదు. బిషప్పు పీఠం ఉన్న చర్చికే అది వర్తిస్తుంది. వెజ్లే బెనెడిక్టైన్ సన్యాసుల మఠం చర్చి. తొమ్మిదో శతాబ్దంలో జిరార్ ద రూసియోన్ అనే ప్రభువు, ఆయన భార్య బెర్త్ ఈ మఠాన్ని స్థాపించి నేరుగా పోపు రక్షణలో ఉంచారు. అందువల్ల స్థానిక బిషప్పుకు దీనిపై అధికారం లేదని మఠాధిపతులు శతాబ్దాల పాటు వాదిస్తూ వచ్చారు. ఒతున్ బిషప్పులతో వారి వ్యాజ్యాలు ఆ వాదన చుట్టూనే నడిచాయి. బసిలికా అనే, పోపు ఇచ్చే గౌరవ హోదా ఈ చర్చికి 1920లో దక్కింది.

అపోహ: రోమనెస్క్ చర్చిలు చీకటిగా ఉంటాయి, వెలుగు గోతిక్‌తోనే వచ్చింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే కాబట్టి కొంత వివరంగా చెబుతాను. రోమనెస్క్ చర్చిలలో చాలావాటికి కప్పు పొడవైన అర్ధగొట్టం ఆకారంలో ఉంటుంది. అటువంటి కప్పు గోడ పొడవునా, ఎక్కడా విరామం లేకుండా, పక్కలకు తోస్తుంది. ఆ తోపుడును తట్టుకోవాలంటే గోడ మందంగా ఉండాలి, కిటికీలు చిన్నవిగా, తక్కువగా ఉండాలి. చీకటికి మూలం అక్కడ ఉంది. కట్టినవారికి వెలుగు మీద ఇష్టం లేకపోవడం కాదు.

వెజ్లే మేస్త్రీలు వేరే దారి ఎంచుకున్నారు. ప్రతి అంకణం మీద రెండు అర్ధగొట్టాలు ఒకదానినొకటి అడ్డంగా కోసుకున్నట్లుండే కప్పు వేశారు. ఆ అమరికలో బరువూ తోపుడూ నాలుగు మూలలకు చేరి స్తంభాల మీదుగా దిగుతాయి. మూలల మధ్యనున్న గోడకు భారం తగ్గి, పైభాగంలో పెద్ద కిటికీ పెట్టడానికి వీలు కలుగుతుంది. పక్క నడవల మీద పై అంతస్తు కట్టకపోవడం వల్ల ఆ కిటికీల వెలుగు ఏ అడ్డూ లేకుండా మధ్యశాలలోకి దిగుతుంది. రెండు రంగుల రాళ్లను మార్చి మార్చి పేర్చిన కమానులు ఆ వెలుగులో ఒకదాని వెనుక ఒకటి స్పష్టంగా కనిపిస్తాయి. ఇదంతా రాతి పట్టీల మీద నిలిచే గోతిక్ కప్పు ఇక్కడికి చేరకముందే జరిగింది.

ఈ సాహసానికి ఖరీదు కూడా చెల్లించవలసి వచ్చింది. దాదాపు 18 మీటర్ల ఎత్తున ఉన్న కప్పు తోపుడుకు పై గోడలు క్రమంగా బయటికి ఒరిగాయి, కమానులు కొంత చదును పడ్డాయి. కమానుల వంపును ఇప్పుడు కొలిచినా అవి సరైన అర్ధవృత్తాలు కావు. బయటి ఊతల అవసరం ఆ తరువాత పుట్టింది. కాబట్టి ఊతలను చూసి ఈ మధ్యశాలను గోతిక్ కట్టడం అనుకోవడం మరొక పొరపాటు.

అపోహ: వేసవి అయనాంతపు వెలుగుబాట ఒక రహస్య విద్యకు నిదర్శనం.

జూన్ 21కి అటూఇటూ రోజుల్లో, సూర్యుడు నడినెత్తికి చేరువైన వేళ, దక్షిణపు పై కిటికీల నుంచి పడే వెలుగు మరకలు మధ్యశాల నేలపై సరిగ్గా నడిమి గీత వెంట వరుసగా నిలుస్తాయి. 1970ల నుంచి ఈ దృశ్యం బాగా ప్రచారంలోకి వచ్చింది. దృశ్యం నిజం, అందమైనది కూడా. దానికి మంత్రతంత్రాల వివరణ అవసరం లేదు. ఆ అక్షాంశం వద్ద ఆనాటి మధ్యాహ్న సూర్యుడు సుమారు 66 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఒకే ఎత్తున వరుసగా కిటికీలున్న ఏ శాలలోనైనా వెలుగు మరకలు ఒక వరుసలోనే పడతాయి. ఇక్కడ శాల వెడల్పూ కిటికీల ఎత్తూ కుదిరి ఆ వరుస నడిమధ్యకు చేరుతుంది. చలికాలపు అయనాంతంలో సూర్యుడు 19 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటాడు కాబట్టి అదే వెలుగు ఉత్తరపు గోడ పైభాగంలోని స్తంభశీర్షాలను తాకుతుంది. కట్టినవారు దీన్ని ఉద్దేశించే ఉండవచ్చునని నేను నమ్ముతాను. జూన్ 24 బాప్తిస్మమిచ్చు యోహాను పండుగ, లోపలి ద్వారపు నడిమి స్తంభం మీద నిలిచి ఉన్నది కూడా ఆయన విగ్రహమే. కానీ అది నా నమ్మకమే తప్ప లిఖిత ఆధారం ఉన్న సంగతి కాదు. చూడదలచినవారు గడియారంలో పన్నెండింటికి వెళ్లవద్దు. ఫ్రాన్స్ వేసవి సమయం ప్రకారం అక్కడ నిజమైన మధ్యాహ్నం దాదాపు 1:45కు వస్తుంది.

అపోహ: చర్చి శిల్పాలు చదువురాని వారికోసం చెక్కిన బైబిలు.

ఈ మాటకు మూలం క్రీ.శ. 600 ప్రాంతంలో పోపు గ్రెగరీ మార్సెయ్ బిషప్పుకు రాసిన లేఖల్లో ఉంది. ఆయన మాట్లాడింది చిత్రాల గురించి. దాన్ని ఐదు శతాబ్దాల తరువాతి శిల్పాలన్నిటికీ వర్తింపజేయడం సరికాదు. వెజ్లేలో చెక్కిన స్తంభశీర్షాలు వందకు పైగా ఉన్నాయి. వాటిలో కొన్ని తల పైకెత్తి చూసినా పోల్చుకోలేనంత ఎత్తున ఉన్నాయి. దగ్గరగా ఉన్నవి సైతం సులభంగా అర్థమయ్యేవి కావు. దక్షిణపు నడవలోని ఒక ప్రసిద్ధ శిల్పంలో ఒక మనిషి తిరగలిలో గింజలు పోస్తుంటే మరొకడు కింద పిండి పట్టుకుంటున్నాడు. పోసేవాడు మోషే, పట్టుకునేవాడు పౌలు, పాత నిబంధన ధర్మశాస్త్రం క్రీస్తు ద్వారా సువార్తగా మారుతోంది అనే భావం, లేఖనాలను లోతుగా చదివినవారికి తప్ప ఎవరికి తడుతుంది? పురుషవేషంలో మఠాధిపతిగా జీవించిన యుజీనియా అనే పునీతురాలి కథ కూడా అలాగే మఠ గ్రంథాలలోనిది.

ఈ శిల్పాల తొలి పాఠకులు సన్యాసులే. ఇటువంటి శిల్పాలను చూస్తూ సన్యాసులు చదువు మరిచిపోతున్నారని అదే తరంలో ఫిర్యాదు చేసినవాడు క్లెర్వో మఠాధిపతి బెర్నార్డు. మఠ ప్రాంగణంలో గ్రంథపఠనం చేసే సోదరుల కళ్లముందు ఈ వికృత జంతువులకు ఏం పని అని 1125 ప్రాంతంలో ఆయన నిలదీశాడు.

లోపలి ద్వారం పైన ఉన్న అర్ధవృత్తాకార మహాశిల్పం విషయం మరింత గొప్పది. నడుమ కూర్చున్న క్రీస్తు చేతుల నుంచి కిరణాలు అపొస్తలుల తలలపైకి ప్రసరిస్తాయి. చుట్టూ, కింద, సువార్త చేరవలసిన లోకంలోని జాతులు కనిపిస్తాయి. వారిలో కుక్కతలల మనుషులున్నారు, చేటలంత చెవులవారున్నారు, నిచ్చెన వేసుకుని గుర్రమెక్కే మరుగుజ్జులున్నారు. తెలుగు పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కుక్కతలల వారు, మరుగుజ్జులు భారతదేశంలో ఉంటారని గ్రీకు రచయిత క్టీసియస్ క్రీస్తుకు పూర్వమే రాశాడు. రోమన్ రచయిత ప్లినీ ఆ మాటలను కొనసాగించాడు. మధ్యయుగపు ఐరోపా ఆ సమాచారాన్ని నమ్మింది. అంటే ఆ రాతిమీద, చూడని దేశాలను ఊహించిన తీరులో, మన ఉపఖండం కూడా ఒక మూల ఉంది.

అపోహ: రెండో క్రూసేడుకు (పవిత్రభూమి కోసం క్రైస్తవులు చేసిన యుద్ధయాత్రకు) పిలుపు ఈ చర్చి లోపలి నుంచే వెలువడింది.

1146 మార్చి 31న, ఈస్టరు నాడు, ఏడో లూయీ రాజు సమక్షంలో బెర్నార్డు ప్రసంగించిన మాట నిజం. కానీ అంత జనం పట్టే చోటు ఊరిలోనే లేకపోవడం వల్ల బయట పొలంలో కొయ్య వేదిక కట్టవలసి వచ్చిందని సమకాలీన చరిత్రకారుడు ఓడో రాశాడు. పంచడానికి తెచ్చిన గుడ్డ శిలువలు చాలక బెర్నార్డు తన వస్త్రాలనే చింపి ఇచ్చాడట.

అపోహ: ఊరివారందరి భక్తి, ఐకమత్యం ఫలితమే ఈ చర్చి.

యాత్రికుల రాకతో ఊరు సంపన్నమైంది, మఠం పన్నులూ సంతలూ తన చేతిలో పెట్టుకుంది. ఘర్షణ అక్కడ మొదలైంది. 1120 మంటలకు ముందే కొత్త నిర్మాణాన్ని ఆరంభించిన మఠాధిపతి అర్తో 1106లో హత్యకు గురయ్యాడు. 1152లో వర్తకులూ పనివారూ నెవేర్ ప్రభువు అండతో స్వపరిపాలన సంఘం ప్రకటించి మఠాధిపతి పోన్స్‌పై తిరగబడ్డారు. 1155లో రాజు జోక్యం చేసుకుని ఆ సంఘాన్ని రద్దు చేశాడు. మనం మెచ్చుకునే మధ్యశాల ఆ హత్యకూ ఈ తిరుగుబాటుకూ నడుమ కట్టినది.

అపోహ: ఫ్రెంచి విప్లవమే వెజ్లేను నాశనం చేసింది.

వెజ్లే వైభవానికి మూలం మగ్దలేనే మరియ అస్థికలు తమ వద్ద ఉన్నాయన్న ప్రకటన. ఆ ప్రకటన పదకొండో శతాబ్దంలో బలపడింది, 1058లో పోపు గుర్తింపు కూడా లభించింది. అయితే 1279లో ప్రొవాన్స్‌లోని సెయింట్-మాక్సిమిన్‌లో ఆమె దేహం బయటపడిందని ప్రకటించారు; 1295లో పోపు ఎనిమిదో బోనిఫేస్ దాన్ని ఆమోదించాడు. యాత్రికులు అటు మళ్లారు, మఠం ఆదాయం తగ్గింది. 1537లో సన్యాసుల మఠం రద్దై సన్యాస దీక్ష లేని సాధారణ గురువుల సంఘంగా మారింది. 1569లో మతయుద్ధాల సమయంలో హ్యూగెనోట్ల (ఫ్రెంచి ప్రొటెస్టంట్ల) చేతిలో దోపిడీ జరిగింది. విప్లవం వచ్చేనాటికే ఇది క్షీణించిన సంస్థ. విప్లవకాలంలో మఠం భవనాలు చాలావరకు కూలిపోయాయి, పడమటి ముఖద్వారపు పాత శిల్పాన్ని ధ్వంసం చేశారు; కానీ చర్చి ఊరి ప్రార్థనాలయంగా వాడుకలో ఉండడం వల్ల గోడలు మిగిలాయి. మఠం ప్రాంగణంలో నేడు కనిపించే స్తంభాల వరండా వియొలే-ల-ద్యూక్ తిరిగి కట్టినది. దాన్ని ఆనుకుని ఉన్న సమావేశ మందిరం మాత్రం పన్నెండో శతాబ్దపుదే, ఆయన బాగుచేయించినది.