స్పీడ్ నూరు, వీడియో మాత్రం గిర్రున

రాత్రి తొమ్మిది దాటితే హన్మకొండలో మా కేబుల్ ఆపరేటర్ ఫోన్ ఆగదు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, స్పీడ్ టెస్ట్ల నూరు జూపిస్తాంది, వీడియో మాత్రం తిరుగుతనే ఉంది." రెండూ నిజమే. స్పీడ్ టెస్ట్ సర్వర్ తరచుగా ప్రొవైడర్ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. అది కొలిచేది ఇంటి నుంచి అక్కడిదాకానే. వీడియో వచ్చే దారి వేరు.

ఆ దారి వంకర ఇప్పటిది కాదు. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. 1998లో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. వాళ్లు విదేశాలకు లింకులైతే కొనుక్కున్నారు గానీ, పక్క కంపెనీతో తీగ కలుపుకోలేదు. దాంతో ఒకే ఊళ్లో ఇద్దరి మధ్య డేటా కూడా సముద్రం దాటి రావాల్సి వచ్చేది. కాజీపేట నుంచి వరంగల్‌కు సికింద్రాబాద్ మీదుగా పోయినట్టన్నమాట.

ఇది ఆపడానికే 2003లో నిక్సీ పెట్టారు. అన్ని కంపెనీలూ ఒకచోట కలిసి డేటా ఇచ్చిపుచ్చుకునే చోటు అది. కానీ డేటా అడిగినవాళ్లే డబ్బు కట్టాలన్న పద్ధతి పెట్టారు. ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చే చిన్న ఆపరేటర్ ఎప్పుడూ అడిగేవాడే కదా! నా లెక్కలో ఆ పద్ధతి వాళ్లను దగ్గరికి రానివ్వలేదు. 1989 నుంచి నెట్‌వర్క్‌ల మధ్య దారి తేల్చే బీజీపీ అనే పద్ధతి కూడా కిలోమీటర్లు చూడదు. ఎవరితో ఒప్పందం ఉందో, ఎటు చవకో అటే పంపుతుంది.

ఈలోగా ఇంకో ఉపాయం వచ్చింది: సరుకునే జనం దగ్గర నిల్వ పెట్టడం. 1998లో మొదలైన అకమాయ్ కంపెనీ ఆ పనే చేసింది. తర్వాత గూగుల్, 2012 నుంచి నెట్‌ఫ్లిక్స్ తమ క్యాష్ పెట్టెలను, అంటే వీడియోల నకళ్లు దాచే సర్వర్లను, ప్రొవైడర్ల గదుల్లోనే పెట్టించాయి. 2016లో జియో వచ్చి డేటా వాడకం ఒక్కసారిగా పెరిగాక అవి లేకుండా గడవని పరిస్థితి. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు పోయి రావడానికి ఒకటిన్నర మిల్లీసెకను చాలు. కాబట్టి అసలు బాధ దూరం కాదు, రాత్రిపూట ఇరుకు లింకుల మీద పడే రద్దీ.

మొన్న మా ఇంట్లో వీడియో బాగానే ఉంది. నయీంనగర్‌లో ఉండే మా తమ్ముడింట్లో ఆగిపోతోంది. ఆపరేటర్ ఒకరే, ప్లాన్ ఒకటే. ముందు డీఎన్ఎస్‌ను, అంటే సైటు పేరు చెబితే దాని అడ్రస్ ఇచ్చే సర్వర్‌ను, అనుమానించాను. చాలా క్యాష్‌లు డీఎన్ఎస్ సర్వర్ ఎక్కడుందో చూసి మనం ఎక్కడున్నామో ఊహిస్తాయి. అందుకే దూరపు సర్వర్ పెట్టుకుంటే ఒక్కోసారి దూరపు పెట్టె తగులుతుంది. మార్చి చూశాం, ఫలితం లేదు. డేటా ఏయే చోట్ల మీదుగా పోతోందో చూపే ట్రేస్‌రూట్ కొడితే మాది హైదరాబాద్‌లో ఆగింది. వాడిది ముంబై, అక్కడి నుంచి సింగపూర్.

చివరికి బయటికి కనిపించే ఐపీ అడ్రస్ చూస్తే దొరికింది. మాది పాత అడ్రస్‌ల బ్లాకు, వాడిది ఈమధ్యే తీసుకున్న కొత్త బ్లాకు. ప్రొవైడర్ గదిలోని క్యాష్ పెట్టె, బీజీపీలో తనకు చెప్పిన అడ్రస్‌లకే డేటా ఇస్తుంది. కొత్త బ్లాకు సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. పెట్టెలో సినిమా ఉంది, వీడికి మాత్రం ఇవ్వదు!

మా ఆపరేటర్‌కు ఇంటర్నెట్ ఇచ్చే పై ప్రొవైడర్‌కు ఫిర్యాదు టికెట్ పెట్టాం. కాన్ఫిగరేషన్‌లో ఒక్క లైను. అది చేర్చడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఈలోపు ఆపరేటర్ మా తమ్ముడింటి రౌటర్‌ను రెండుసార్లు మార్చాడు.