మొదట పంపిందెవరో తెలిస్తే ప్రాణాలు నిలిచేవా?

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా తిరుగుతోందన్న పుకారు లేచిన ప్రతిసారీ పాత డిమాండే ముందుకొస్తుంది. ఆ మెసేజ్ మొదట పంపిందెవరో వాట్సాప్ చెప్పాలని. 2021 ఐటీ నిబంధనలు ఇదే అడుగుతున్నాయి. వాటిపై వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. మొదట పంపినవారిని చెప్పాలంటే ఎన్‌క్రిప్షన్‌ను, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మెసేజ్‌ను మరెవరూ చదవలేని ఏర్పాటును, వదులుకోవాలన్నది దాని వాదన. అలా వదులుకోమంటే ఇండియాలో ఉండలేమని 2024 ఏప్రిల్‌లో దాని లాయరు అక్కడ వాదించారు. ఈ గొడవంతా అర్థం కావాలంటే 2018 జులైకి వెళ్లాలి.

ఆ నెల 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో, సంచార జాతికి చెందిన ఐదుగురిని కిడ్నాపర్లనుకుని పంచాయతీ ఆఫీసులోనే కొట్టి చంపారు. 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్ ఇంజినీరు ఒకరు బలయ్యాడు. కారులో వచ్చిన స్నేహితుల బృందం పిల్లలకు చాక్లెట్లు పంచింది, వాళ్లు చేసింది అంతే. కారు పారిపోతోందంటూ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వెళ్లింది. పక్క ఊళ్లో జనం దారి అడ్డగించారు. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి.

మెసేజ్ పెట్టిందెవరో కనిపెట్టడం ముర్కిలో కష్టం కాలేదు. అది ఊరి గ్రూపే. అడ్మిన్‌ను పోలీసులు వెంటనే అరెస్టు చేశారు. అప్పటికే ప్రాణం పోయింది.

ఆ ఏడాది ఎక్కువగా తిరిగిన వీడియో సంగతి చూడండి. బైక్ మీద వచ్చినవాళ్లు పిల్లాణ్ని ఎత్తుకుపోయే ఆ దృశ్యం కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రంలోది. చివర్లో పిల్లాణ్ని తిరిగి దింపేసి, జాగ్రత్తగా ఉండమనే బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్కే కత్తిరించేశారు. మూలం వెతుక్కుంటూ కరాచీ దాకా వెళ్లినా రైన్‌పాడాలో ఎవరి ప్రాణమైనా దక్కేదా?

తీవ్రమైన నేరాల్లో, అదీ చివరి మార్గంగానే మొదట పంపినవారి వివరం అడుగుతామన్నది కేంద్రం మాట. వాట్సాప్ మాత్రం 2018 జులైలోనే ఇండియాలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు కుదించింది. 2020 ఏప్రిల్‌లో, బాగా తిరిగిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ప్రకటించింది. లెక్క కంపెనీదే అయినా, వేగానికి కళ్లెం వేసింది ఈ మార్పే.

ఈ హత్యలకు ముందే తెలంగాణలో మరో దారి కనిపించింది. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల బాధ్యత చూస్తున్న ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను పెట్టారు. వాళ్లు జనం ఫోన్లలోని వీడియోలు చూసి, అబద్ధమని అక్కడికక్కడే చెప్పారు. జానపద కళాకారులతో పాటలు పాడించారు. ఆమె పరిధిలోని 400కు పైగా ఊళ్లలో పుకార్ల వల్ల ఒక్కరూ చనిపోలేదు.

ముర్కి జరిగిన నాలుగు రోజులకు, జులై 17న, ఇలాంటి మూకదాడులను ఆపే బాధ్యత చూసేందుకు జిల్లాకో నోడల్ అధికారిని, ప్రత్యేక బృందాన్ని పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ అధికారులు ఇప్పుడు ఊళ్లలో ఏం చేస్తున్నారో ముందు రాష్ట్రాలు చెప్పాలి.