ఐడిల్ వాల్వ్ పీకేసిన పాత కారు: అపోహలు - వాస్తవాలు

పాత కార్ల బానెట్ ఎత్తినప్పుడు నాకు తరచూ కనబడేది ఒకటుంది. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) మీద రెండు బోల్టులతో బిగించిన చిన్న రేకు ముక్క, దాని పక్కన టేపు చుట్టి వదిలేసిన కనెక్టర్. నిజానికి అక్కడ ఉండాల్సింది ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు (ఐడిల్‌లో) ఇంజిన్ వేగాన్ని అదుపులో పెట్టేది. ఎప్పుడో ఎవరో దాన్ని తీసేసి, రంధ్రం మూసేసి, బండి ఆగిపోకుండా థ్రాటిల్ ప్లేటు (గాలి దారిలోని తలుపు) ఎంత మూసుకోవాలో నిర్ణయించే స్టాప్ స్క్రూని తిప్పి పంపేశారన్నమాట. దాన్ని తిరిగి పెట్టించుకుందామని వచ్చేవాళ్ల నోట నేను వినే మాటలు ఇవి.

అపోహ: వాల్వ్ లేకపోయినా స్క్రూతో రేస్ పెంచుకుంటే చాలు.

వాస్తవం: యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే థ్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు ఇంజిన్‌కు కావలసిన గాలి పక్కదారిలో, ఈ వాల్వ్ గుండా వెళ్తుంది. ఎంత తెరవాలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఎప్పటికప్పుడు చూసుకుంటుంది. ఇంజిన్ చల్లగా ఉంటే ఎక్కువ తెరిచి 1,200 ఆర్పీఎం ప్రాంతంలో నడుపుతుంది, వేడెక్కాక మెల్లగా 700-900కి దించుతుంది. ఏసీ వేసినా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినా వెంటనే కాస్త గాలి పెంచుతుంది. స్క్రూకి ఇవేమీ తెలియవు. అందుకే ఆ బండి పొద్దున్నే ఆగిపోతుంది, మధ్యాహ్నం అరుస్తుంది.

అంతకన్నా పెద్ద నష్టం బయటికి కనబడదు. స్క్రూ తిప్పితే ప్లేటు తెరుచుకునే ఉంటుంది, దాంతో అది ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ రీడింగ్ మారిపోతుంది. మీరు కాలు తీసేసినా ఈసీయూ లెక్కలో పెడల్ తొక్కే ఉంది. చాలా బండ్లలో ఇక ఐడిల్ కంట్రోలే మొదలవదు, వాలులో దిగేటప్పుడు పెట్రోలు ఆపే పని కూడా జరగదు.

అపోహ: కొత్త వాల్వ్ బిగిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఈ నమ్మకంతో నేనే ఒకసారి ఒక పూటంతా పోగొట్టుకున్నాను. కొత్త వాల్వ్, కొత్త గ్యాస్కెట్, అన్నీ సరిగ్గానే పెట్టాను. అయినా రేస్ 1,500 దిగలేదు. వాల్వ్ పూర్తిగా మూసుకునే ఉంది, గాలంతా తెరిచి ఉన్న ప్లేటు దగ్గర నుంచే వెళ్తోంది. అప్పటి నుంచి నా వరుస మారింది. ముందు థ్రాటిల్ బాడీని క్లీనర్‌తో కడిగి, పక్కదారిలో పేరుకున్న మసి తీస్తాను. తర్వాత స్టాప్ స్క్రూని వెనక్కి తిప్పి, ప్లేటు గోడకు పట్టేయకుండా ఉండేంత మాత్రమే ఆనిస్తాను. తర్వాత థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ వోల్టేజ్ చూస్తాను. చాలా బండ్లలో ప్లేటు మూసినప్పుడు అది 0.5 వోల్టు దగ్గర ఉంటుంది, కచ్చితమైన అంకె మాత్రం ఆ మోడల్ మాన్యువల్‌లో చూడాలి. ఇవన్నీ అయ్యాకే వాల్వ్ చేతిలోకి తీసుకుంటాను.

అపోహ: కనెక్టర్ పడితే అది సరైన వాల్వే.

వాస్తవం: కాదు. నాలుగు వైర్ల స్టెప్పర్ రకం వేరు, రెండు వైర్ల సోలినాయిడ్ వేరు, మూడు వైర్ల రోటరీ వేరు. ఒకే రకంలో కూడా ముందుండే పిన్ (ముందుకూ వెనక్కీ జరిగి గాలి దారిని మూసే, తెరిచే కొన) ఆకారం మారుతుంది. పార్ట్ నంబర్ చూసే కొనండి. ఎన్నేళ్లుగానో వేలాడిన కనెక్టర్‌ను మల్టీమీటర్‌తో చూడకుండా తగిలించకండి. ఎక్కడైనా వైరు ఒరిసిపోయి షార్ట్ అయి ఉంటే ఈసీయూలో ఆ వాల్వ్‌ను నడిపే భాగం కాలిపోవచ్చు.

అపోహ: పిన్ బయటికి ఎక్కువ వచ్చి ఉంటే చేత్తో నొక్కేయొచ్చు.

వాస్తవం: వాడిన స్టెప్పర్ వాల్వ్‌తో ఆ పని వద్దు, లోపలి మర పళ్లు అరిగిపోతాయి. జనరల్ మోటార్స్ తరహా వాల్వ్‌లలో ఫ్లాంజి (వాల్వ్‌ను బిగించే అంచు) నుంచి పిన్ కొన దాకా 28 మిల్లీమీటర్లు దాటితే బిగించకూడదు. బిగిస్తే పిన్ లోపల గోడకు గుద్దుకుని వాల్వ్ పాడవుతుంది. వాల్వ్ బయట ఉండగా కనెక్టర్ తగిలించి ఇగ్నిషన్ ఆన్ చేయడం కూడా తప్పే, పిన్ పూర్తిగా ఊడి రావచ్చు.

అపోహ: గాలి ఎక్కడి నుంచి వచ్చినా గాలే కదా, పైపు లేకపోయినా పర్వాలేదు.

వాస్తవం: లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న కార్లలో వాల్వ్‌కు వెళ్లే గాలి ఆ సెన్సార్ దాటాకే రావాలి. బయటి గాలి నేరుగా పీలిస్తే ఈసీయూకి ఆ లెక్క తెలియదు, పెట్రోలు తక్కువ పోస్తుంది, ఇంజిన్ తడబడుతుంది. స్కానర్‌లో పీ0507 కోడ్ కనబడితే ఐడిల్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉందని అర్థం. అప్పుడు వాల్వ్‌ను తప్పుపట్టే ముందు పైపులు, గ్యాస్కెట్ దగ్గర లీకు వెతకండి. కొన్ని వాల్వ్‌ల గుండా కూలెంట్ కూడా పారుతుంది. తీసేసినవాళ్లు ఆ రెండు గొట్టాలనూ ఒకదానికొకటి కలిపేసి ఉంటారు. వాటిని ఇంజిన్ చల్లారాకే విప్పండి, బిగించాక కూలెంట్‌లో చేరిన గాలి తీసేయండి.

అపోహ: పాత కార్లన్నిటికీ ఈ వాల్వ్ ఉంటుంది.

వాస్తవం: కార్బొరేటర్ బండ్లలో వెతకొద్దు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్నవాటిలో ఆ పని థ్రాటిలే చేస్తుంది.

అపోహ: బిగించగానే రేస్ ఊగితే వాల్వ్ చెడ్డది.

వాస్తవం: ఈసీయూ పాత లెక్కలు మరచి కొత్తవి నేర్చుకోవాలి, ఆ పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది. అది పూర్తయ్యాక ఇంజిన్‌ను బాగా వేడెక్కనివ్వండి. హెడ్‌లైట్లు, బ్లోయర్, ఏసీ ఒక్కసారిగా వేయండి. ఆర్పీఎం ముల్లు కాస్త కిందికి దిగి, ఒకటి రెండు సెకన్లలో తన చోటికి తిరిగి వస్తే వాల్వ్ పనిలో పడినట్టే.