వాషింగ్టన్ ఎర్ర ఇటుకల వెనుక ఉన్న మనిషి

వాషింగ్టన్‌లో 13వ వీధి, కె వీధి కలిసేచోట ఉన్న ఫ్రాంక్లిన్ పాఠశాల భవనం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండి, చివరకు 2020లో భాషల మ్యూజియంగా తలుపులు తెరిచింది. ఈ పాత బడిని నిలబెట్టుకోవాలన్న పట్టుదల ఎక్కడిదో తెలియాలంటే, దానికి రూపమిచ్చిన వాస్తుశిల్పి అడాల్ఫ్ క్లస్ కథ తెలియాలి.

క్లస్ 1825లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో, ఇళ్లు కట్టే వృత్తిలో ఉన్న కుటుంబంలో పుట్టాడు. మార్క్స్, ఎంగెల్స్‌ల కమ్యూనిస్టు లీగ్‌లో సభ్యుడైన ఆయన 1848లో అమెరికాకు వలస వెళ్లాడు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు మార్క్స్‌తో ఉత్తరాలు నడిపాడు.

అంతర్యుద్ధ కాలంలో రాజధాని జనాభా విపరీతంగా పెరిగింది. 1860లో 75 వేలున్న కొలంబియా జిల్లా (రాజధాని ప్రాంతం) జనం 1870 నాటికి 1,31,700కు చేరారు. అంతకుముందు అద్దె గదుల్లో, పాత కొట్టాల్లో చదువుకున్న పిల్లల కోసం నగరం సొంత బడులు కట్టడం మొదలుపెట్టింది. 1864లో వాలక్ పాఠశాలతో క్లస్ తన పనితనం చూపాడు. 1869లో పూర్తయిన ఫ్రాంక్లిన్ పాఠశాలలో ఎత్తయిన కిటికీల గుండా వెలుతురు తరగతి గదుల్లోకి ధారాళంగా వచ్చేది. బాలురకూ బాలికలకూ వేర్వేరు మెట్లుండేవి. మూడో అంతస్తులో విశాలమైన సభామందిరం ఉండేది. దాని నమూనాకు 1873 వియన్నా ప్రదర్శనలో పతకం దక్కింది. 1880లో గ్రాహంబెల్ వెలుతురు కిరణం మీద మాటను పంపిన ప్రయోగం జరిగింది కూడా ఈ భవనం పైనుంచే.

అయితే ఆయన పనుల్లో నన్ను ఎక్కువగా కదిలించేది 1872 నాటి సమ్నర్ పాఠశాల. నల్లజాతి పిల్లలను వేరే బడికి పంపే అన్యాయం అక్కడ అలాగే ఉంది, దాన్ని క్లస్ మార్చలేకపోయాడు. కానీ వాళ్ల కోసం గీసిన బడిని మాత్రం తక్కువ రకంగా గీయలేదు. అవే ఎర్ర ఇటుకలు, అదే శ్రద్ధ. 1877లో నల్లజాతి విద్యార్థుల తొలి హైస్కూలు పట్టాల వేడుక అక్కడే జరిగింది.

1872లో ఆయన నగర ఇంజినీరుగా, ప్రజాపనుల బోర్డు సభ్యుడిగా నియమితుడయ్యాడు. రోడ్లు, మురుగు కాల్వల పనులను ఆ బోర్డు నాయకుడు అలెగ్జాండర్ షెపర్డ్ నడిపిన తీరుపై 1874లో కాంగ్రెస్ విచారణ జరిపినప్పుడు, అక్రమాలను దాచకుండా సాక్ష్యం చెప్పాడు. అధ్యక్షుడు గ్రాంట్ ఆయనను బోర్డు నుంచి తప్పించాడు. ఆ సాక్ష్యంతో పదవి పోయింది గానీ పని ఆగలేదు. స్మిత్‌సోనియన్ వారి జాతీయ మ్యూజియం భవనం 1881 నాటికి ఆయన చేతుల మీదుగానే పూర్తయింది.

క్లస్ 1905లో కన్నుమూశాడు. ఆయన కట్టడాల్లో చాలా భాగం ఇప్పుడు లేవు. సెంటర్ మార్కెట్‌ను 1931లో కూల్చి, ఆ స్థలంలో జాతీయ దస్త్రాల భవనం కట్టారు. 1873 నాటి ఈస్టర్న్ మార్కెట్ 2007లో అగ్నికి ఆహుతైనా, నగరం ఆ పాత గోడలనే నిలబెట్టి 2009లో మళ్లీ తెరిచింది. కూరగాయలు, మాంసం, చేపలు ఇవాళ్టికీ అక్కడ అమ్ముతున్నారు.