తోక పక్కన వాపు

ఎంవీపీ కాలనీలో మా పక్కింటి పిన్నిగారి పొమెరేనియన్ కుక్క పేరు బన్నీ, వయసు 9 ఏళ్లు. దాని తోక కింద ఓ పక్కగా నిమ్మకాయంత వాపు వచ్చింది. నొక్కితే మెత్తగా లోపలికి పోయేది, వేలు తీయగానే మళ్లీ ఉబ్బేది. దొడ్డికి కూర్చుని తెగ ముక్కేది. విశాఖ ఎండలకు వేడి చేసిందనుకుని పిన్నిగారు పెరుగన్నం పెట్టారు. ఒకరోజు పొద్దుటి నుంచీ చుక్క మూత్రం రాలేదు. ఆస్పత్రిలో డాక్టరుగారు వాపు మీద స్పిరిట్ రాసి సన్నటి సూది గుచ్చితే, సిరంజిలోకి పచ్చటి మూత్రం వచ్చింది. మూత్రాశయమే వెనక్కి తిరిగి ఆ వాపులోకి దిగిపోయింది!

అది గడ్డ కాదు, హెర్నియా. లోపలి అవయవాలను ఆపే కండరాల గోడ ఒకచోట బలహీనపడితే, కొవ్వో పేగో అక్కడి నుంచి బయటికి తోసుకొస్తుంది. కుక్కపిల్లలకు బొడ్డు దగ్గర వచ్చేవి చిన్నవైతే చాలావరకు వాటంతట అవే మూసుకుపోతాయి. ఆడకుక్కలకు గజ్జల్లో వస్తే గర్భసంచి కూడా జారవచ్చు. ఎక్కడిదైనా సరే, వాపు గట్టిపడి, ముట్టుకుంటే నొప్పితో అరిచి, వాంతులు చేసుకుంటుంటే పేగు ఇరుక్కుని రక్తం ఆగిపోయి ఉండవచ్చు. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.

బన్నీకి వచ్చింది ఎక్కువగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించని, వయసు పైబడిన మగకుక్కలకు వచ్చే రకం. మలద్వారం పక్కనుండే కండరాలు కరిగి పలచబడిపోతాయి. నాకు అన్నిటికంటే అబ్బురం అనిపించేది దీని ఆపరేషనే. చివికిన గుడ్డకు కుట్టు ఎక్కడ నిలుస్తుంది? అందుకే సర్జన్ పక్కనే కటి ఎముక మీద పరుచుకుని ఉన్న కండరాన్ని ఎముక నుంచి జాగ్రత్తగా లేపి, పైకి మళ్లించి, ఆ ఖాళీకి అడ్డంగా కుడతారు. అది రక్తం అందుతున్న సొంత కండరం కాబట్టి అక్కడే అతుక్కుపోతుంది. పక్కనే ముఖ్యమైన నరాలుంటాయి, చేయి తిరిగిన సర్జన్ కావాలి. వాపు తిరగబెట్టే అవకాశం తగ్గాలని అదే మత్తులో వృషణాలూ తీసేస్తారు.

ఇంటికొచ్చాక మలం మెత్తబడే మందు, కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్. మన సముద్రపు గాలి తేమకు గాయం చెమ్మగిల్లకుండా చూసుకోవడమే పెద్ద పని. పిన్నిగారు రాత్రంతా ఫ్యాన్ కిందే పడుకోబెట్టారు.

14వ రోజున కుట్లు తీశారు. ఆ సాయంత్రం బన్నీ గేటు స్తంభం దగ్గరికెళ్లి కాలెత్తింది. ధార ఆగేదాకా ఇంటిల్లిపాదీ అరుగు మీద నిలబడి చూశారు.