ఎప్పుడు నల్లబడిందో రాసుకోండర్రా

అంబాజీపేట

చిరంజీవులు మనవలకీ మనవరాళ్ళకీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం.

మొన్న పెద్దాడు ఫోను చేసి, "తాతయ్యా, కంప్యూటర్ తెర ఉన్నట్టుండి నల్లబడిపోతోంది, ఎప్పుడు పోతుందో తెలీదు" అన్నాడు. ఆ ఆఖరి మాట దగ్గరే నాకు పేచీ. 40 ఏళ్ళు రేడియోలూ టీవీలూ బాగుచేసినవాణ్ణి. 'ఎప్పుడు పడితే అప్పుడు' పోయే సరుకు నా బల్ల మీదకి బోలెడు వచ్చింది. కూర్చుని చూస్తే అందులో చాలావాటికి ఓ వేళో, ఓ సాకో ఉండేది.

తెర పోగానే మీరేం చేస్తారో నాకు తెలుసు, పవర్ బటన్ నొక్కిపట్టేస్తారు. ఆగండి. పోయింది తెరా, మిషనా? ముందది తేలాలి. క్యాప్స్ లాక్ నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతోందంటే లోపల మిషను నడుస్తూనే ఉంది, బొమ్మే మీదాకా రావడం లేదు. అప్పుడు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవరు, అంటే తెర మీదకి బొమ్మ పంపే ప్రోగ్రాము, మళ్ళీ మొదలవుతుంది. కుయ్యిమని చిన్న కూత పెట్టి బొమ్మ వచ్చేస్తే, అనుమానం డ్రైవరు మీదే. రాలేదా, కేబులు రెండు కొసలూ ఊడదీసి బిగించండి. పాత వీజీఏ కేబులైతే పక్కన రెండు మరలుంటాయి, వాటిని ఎవరూ బిగించరు! ల్యాప్‌టాప్ అయితే గది చీకటి చేసి, సెల్లు టార్చి తెర మీదకి ఏటవాలుగా వెయ్యండి. మసక మసగ్గా అక్షరాలు కనపడితే బొమ్మ వస్తోందన్నమాట, వెనకాల వెలగాల్సిన దీపమే వెలగడం లేదు.

మా ఇంటి సంగతి వినండి. నా మోనిటర్ రెండు క్షణాలు నల్లబడి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు వెలిగేది. చూసిన మెకానిక్కు "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. కొనేవాణ్ణే. అమ్మమ్మ ఒప్పుకోలేదు. పాల లెక్క రాసే క్యాలెండరు గళ్ళలోనే, తెర పోయినప్పుడల్లా టైము వేసింది. పొద్దున్న 6:10, సాయంత్రం 5:30, మర్నాడు 6:15... వారం తిరక్కుండానే ఆవిడే అంది, "ఇవి మనం మోటారు వేసే వేళలు కదండీ!"

ఆవిడ వెళ్ళి బోరు మోటారు స్విచ్చి వేసింది. నేను తెర ముందు కూర్చున్నాను. అది గుర్రుమనడమూ, ఇది నల్లబడడమూ ఒక్కసారే. క్యాప్స్ లాక్ దీపం మాత్రం చక్కగా వెలుగుతోంది. బల్ల కిందకి దూరి చూద్దును కదా, సీపీయూ ప్లగ్గు యూపీఎస్‌లో, అదే కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ పెట్టెలో ఉంది, మోనిటర్‌ది గోడ బోర్డులో ఉంది. తీగ పొట్టిదని నేనే పెట్టాను, ఆయ్! మోటారు బయల్దేరేటప్పుడు మామూలుగా తినే కరెంటుకి ఎన్నో రెట్లు ఒక్క గుక్కలో లాగుతుంది. ఆ క్షణం ఇంట్లో వోల్టేజీ పడిపోతుంది. మిషన్ని యూపీఎస్ కాచుకుంది, తెరని కాచేవాడు లేడు. ప్లగ్గు మార్చాను, జబ్బు పోయింది. అంత ఇదిగా వోల్టేజీ ఎందుకు పడుతోందా అని ఎలక్ట్రీషియన్ని పిలిస్తే, మీటరు దగ్గర తీగ వదులైందని బిగించాడు. మీరు మాత్రం అక్కడ వేలు పెట్టకండి.

క్యాప్స్ లాక్ కూడా ఉలకదూ పలకదూ అంటే, మిషనే నిలిచిపోయింది. మన మే నెల మధ్యాహ్నాలు తెలుసుగా. గాలి ఆడని మూల, ఫ్యానుకి దుమ్ము, ల్యాప్‌టాప్ పరుపు మీద. వేడెక్కి ఆగిపోతుంది. ప్లగ్గు తీసేసి, రెక్క తిరక్కుండా వేలితో పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి. సముద్రం దగ్గరి లంకల్లో అయితే ఉప్పుగాలి ర్యామ్, అదే లోపల గుచ్చే మెమరీ పలక, దాని కొసల్ని మసకేస్తుంది. పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్ది పెడితే లేచి కూర్చున్నవి చూశాను. కరెంటు పెట్టె, అదే ఎస్ఎంపీఎస్, దాన్ని మాత్రం విప్పొద్దు. గోడలోంచి వచ్చే 230 వోల్టులు అందులో 300కి పైనే డీసీ అయి కూర్చుంటాయి. ప్లగ్గు పీకాక కూడా కాసేపు అక్కడే ఉంటాయి. నా ఎడమ బొటనవేలికి ఆ సంగతి తెలుసు.

అన్నీ ఒకేసారి విప్పి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు చెయ్యకండి. ఒక్కటి మార్చి, ఒక రోజు చూడండి.

పెద్దాడా, వారం రోజుల టైములు రాసి ఫోటో తీసి పంపు. నాక్కాదు, అమ్మమ్మ వాట్సాప్‌కి. లెక్క చూసేది ఆవిడే.

మీ తాతయ్య